గనిలో షిఫ్టుకోసారి, ఇంట్లో ఎన్నడూ లేదు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా ఉన్నది కరెంటు పండే నేల. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) 1960ల నుంచి నడుస్తోంది. అందులో ఏడో దశ కింద కట్టిన 800 మెగావాట్ల యూనిట్ 2018 డిసెంబరులో మొదలైంది. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు. గోదావరి అవతలి అడవిలో ఉన్న 460 మెగావాట్ల దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం 2014 దాకా ఖమ్మం జిల్లాదే. విభజన వేళ చింతూరు మండలంతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. ఇన్ని మెగావాట్లను మోసే హైటెన్షన్ లైన్లకు ఇంజినీర్లున్నారు, రికార్డులున్నాయి, మరమ్మతులకు షెడ్యూలుంది. అదే కరెంటు ఆఖరున ఇస్త్రీ పెట్టెలోకో, మిక్సీలోకో, గ్రానైట్ పాలిష్ మిషన్‌లోకో దిగేది ఒకటి రెండు మీటర్ల వైరు గుండా. ఆ వైరు ఎలా ఉందో రాసిపెట్టిన కాగితం ఎవరి దగ్గరా ఉండదు.

దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎప్పుడు, ఆ పరీక్ష ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది? ఈ సమీక్ష దాని గురించే. విచిత్రమేమంటే, వైరు పరీక్షలో చాలా కఠినమైన పద్ధతి ఒకటీ, అసలు పద్ధతే లేని స్థితి ఒకటీ, రెండూ ఈ జిల్లాల్లోనే పక్కపక్కన ఉన్నాయి.

ముందు ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. తయారీలో జరిగే పరీక్షలను తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లున్నారు. నిజానికి అవి చాలా తెలివైన పరీక్షలు. ఒక్కొక్కటి ఏం పట్టుకుంటుందో, ఏం వదిలేస్తుందో తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

సన్నని రాగి పోగులను మెలిపెట్టి కండక్టరు చేస్తారు. 1 చదరపు మిల్లీమీటరు సైజు మెత్తటి వైరుకు 20 డిగ్రీల వేడి దగ్గర కిలోమీటరుకు 19.5 ఓమ్‌లకు మించి నిరోధం ఉండకూడదు. 0.75 సైజుకు 26 ఓమ్‌లు. ఈ పోగుల మీద పీవీసీ తొడుగు ఎక్కాక వైరు వరసగా వేలాడే పూసల గొలుసుల మధ్య నుంచి పరుగెడుతుంది. ఆ గొలుసుల్లో కొన్ని వేల వోల్టులు ఉంటాయి. తొడుగులో సూదిబెజ్జమంత లోపమున్నా అక్కడ రవ్వ ఎగిరి యంత్రం ఆ చోటును పట్టేస్తుంది. దీన్నే స్పార్క్ టెస్ట్ అంటారు. తర్వాత కొసకు త్రీ పిన్ ప్లగ్గు అచ్చుపోస్తారు. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ సరైన పిన్నులకే కలిశాయా, మధ్యలో ఎక్కడైనా తెగాయా అని చూస్తారు. ఆ పైన హై వోల్టేజి పరీక్ష. లైను మీద పనిచేసేవాళ్లు దీన్ని హైపాట్ అంటారు. తీగలకూ ఎర్త్‌కూ మధ్య వెయ్యికి పైగా వోల్టులు పెట్టి, కారే కరెంటు హద్దు దాటితే ఎర్ర దీపం వెలుగుతుంది.

వైరు మిక్సీకో, ఇస్త్రీ పెట్టెకో, ఏసీకో బిగిశాక మళ్లీ పరీక్ష. శ్రీసిటీలో 2023లో తెరిచిన డైకిన్ ఏసీల ఫ్యాక్టరీ అయినా, నగరం వెనక సందులో నడిచే చిన్న యూనిట్ అయినా, ప్రమాణం చెప్పేది ఒకటే: బయటికి పోయే ప్రతి పీసుకూ ఈ పరీక్ష జరగాలి. లోహపు ఒంటికీ ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ మధ్య కనీసం 10 ఆంపియర్లు పంపి, నిరోధం 0.2 ఓమ్ దాటకుండా ఉందా అని చూడాలి. 10 ఆంపియర్లు ఎందుకంటే, మామూలు మల్టీమీటరు పంపే చిటికెడు కరెంటుకు ఒక్క పోగు మిగిలిన తెగిన తీగ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. పెద్ద కరెంటు ముందు ఆ ఒక్క పోగు బండారం బయటపడుతుంది.

ఇవన్నీ సెకన్లలో అయిపోయే రోజువారీ పరీక్షలు. వీటికి భిన్నంగా, ఒక మోడల్‌కు ఒకసారి ల్యాబులో చేసేవి ఉన్నాయి. వైరు మిక్సీ ఒంట్లోంచి బయటికొచ్చే మెడ దగ్గర నిమిషానికి 60 సార్ల చొప్పున పది వేల సార్లు వంచుతారు. వస్తువు నుంచి వైరును విడదీయలేని రకమైతే ఇరవై వేల సార్లు. తర్వాత లాగుడు పరీక్ష. నాలుగు కిలోలు దాటిన వస్తువైతే 100 న్యూటన్ల బలంతో, అంటే పది కిలోల బరువు వేలాడదీసినంత బలంతో, 25 సార్లు లాగుతారు. వైరు 2 మిల్లీమీటర్లకు మించి జారకూడదు. ఒకవేళ పట్టు జారినా, ముందు ఫేజు తెగాలి, ఎర్త్ ఆఖరున తెగాలి. అందుకే లోపల ఎర్త్ తీగను కాస్త వదులుగా, పొడుగ్గా వదులుతారు. వీధి చివర రిపేరు చేసేటప్పుడు మొట్టమొదట కత్తిరించి పారేసేది ఈ అదనపు పొడవునే.

మరి ఇంత పకడ్బందీగా ఉన్నా మోసం ఎక్కడ దూరుతుంది? స్పార్క్ టెస్ట్ బెజ్జాన్ని పడుతుంది గానీ రాగి దొంగతనాన్ని పట్టదు. మీటరు పొడవు, మూడు తీగలు, 1 సైజు అంటే అందులో ఉండాల్సిన రాగి దాదాపు 27 గ్రాములు. సగం సైజు వేసి పైన తొడుగు మందంగా పోస్తే వంద మీటర్లకు కిలోంబావు పైగా రాగి మిగిలిపోతుంది. చేత్తో పట్టుకుంటే అసలు వైరు కన్నా నకిలీదే దిట్టంగా అనిపిస్తుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగదీ ఇదే తంతు. అల్యూమినియం వాహకత రాగిలో అరవై శాతం చిల్లర మాత్రమే. హైపాట్‌లోనూ ఇవి సలక్షణంగా గట్టెక్కుతాయి, ఎందుకంటే ఆ పరీక్ష అడిగేది తొడుగు గురించి, లోపలి లోహం గురించి కాదు. పట్టించేది నిరోధం ఒక్కటే. దుకాణంలో దొరికే 90 మీటర్ల కాయిల్‌లో 1 సైజు వైరుకు కొస నుంచి కొసకు 1.75 ఓమ్‌లు ఉండాలి. మన వేసవి 40 డిగ్రీల్లో అది 1.9 దాకా పోతుంది. మూడున్నర చూపిస్తే లోపల సగం రాగే ఉందని అర్థం. కాయిల్ విప్పకుండానే చేయగల పరీక్ష ఇది. ఏ దుకాణంలోనూ చేయగా నేను చూడలేదు.

చట్టం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పీవీసీ వైర్లకు ఐఎస్ 694, ప్లగ్గులకు ఐఎస్ 1293, గృహోపకరణాలకు ఐఎస్ 302 ప్రమాణాలు. 2003 నాటి కేంద్ర నాణ్యత నియంత్రణ ఉత్తర్వు వైర్లు, కేబుళ్లతో పాటు మరికొన్ని విద్యుత్ వస్తువులకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. 2016 బీఐఎస్ చట్టం ఆ పట్టును ఇంకా బిగించింది. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూసుకోవచ్చు. వస్తువు లోపంతో నష్టం జరిగితే తయారీదారును నిలదీసే హక్కునూ, ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారాన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. కాగితం మీద లోటు లేదు. అయితే ఈ చట్టాలన్నీ కలిసి వైరును చూసేది అది పుట్టేటప్పుడూ, అమ్ముడయ్యేటప్పుడూ. ఇంటి వైరింగ్‌కు కొత్త కనెక్షన్ వేళ కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టు ఉంటుంది, వస్తువుకు ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. గోడకూ వస్తువుకూ మధ్య ఉన్న వైరు తెగితే, దాని చోట మీటర్ల లెక్కన కొన్న వైరు వేసి ప్లగ్గు బిగిస్తే, ఆ కొత్త జోడింపు ఏ పరీక్ష లెక్కలోకీ రాదు.

వస్తువుతో వచ్చే పుస్తకంలో ఒక వాక్యం తప్పక ఉంటుంది: వైరు పాడైతే తయారీదారు గానీ, సర్వీస్ ఏజెంటు గానీ, తగిన అర్హత ఉన్నవాళ్లు గానీ మార్చాలి. చర్లలో మిక్సీ వైరు కాలిపోయిన మనిషి ఆ వాక్యాన్ని పాటించాలంటే భద్రాచలం, అక్కడా పని కాకపోతే మరో వంద కిలోమీటర్లకు పైగా ఖమ్మం పోవాలి. బస్సు చార్జీకే కొత్త వైరు వస్తుంది. పాటించలేని సూచన రాసి బాధ్యత దులుపుకోవడం కంపెనీలన్నింటికీ అలవాటే.

పరీక్షలు బతుకును పోలి ఉండకపోతే పెద్ద కంపెనీలు కూడా బోల్తా పడతాయి. 2014లో హెచ్‌పీ లాప్‌టాప్ పవర్ కార్డులు వేడెక్కి కరుగుతున్నాయని ఒక్క అమెరికాలోనే 56 లక్షల కార్డులను వెనక్కి పిలిచింది. 2016లో మైక్రోసాఫ్ట్ సర్‌ఫేస్ ప్రో కార్డులకు అదే గతి; అవి 22 లక్షల పైచిలుకు. జనం వాటిని బిగించి చుట్టి, మెలిపెట్టి, సంచిలో కుక్కుతుంటే అవి దెబ్బతిన్నాయి. పరీక్ష యంత్రం వంచే తీరు వేరు, మనుషులు చుట్టే తీరు వేరు. ఆ కంపెనీలకు సరుకు ఎవరి దగ్గరికి పోయిందో తెలుసు, పేర్లున్నాయి, చిరునామాలున్నాయి. మీటరు లెక్కన అమ్ముడుపోయిన వైరును ఎవరు, ఎవరి దగ్గర్నుంచి వెనక్కి పిలుస్తారు?

ఇక ఈ నేల సంగతి. ల్యాబు పరీక్షలకు ఉండే వాతావరణం ఇక్కడ ఒక్క రోజు కూడా ఉండదు.

ఎండతో మొదలుపెడదాం. మామూలు పీవీసీ వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. గది 30 డిగ్రీలుంటే వైరుకు వేడెక్కడానికి 40 డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. కొత్తగూడెం, మణుగూరు మే నెల 45లో ఆ వెసులుబాటు 25కు పడిపోతుంది. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదే వైరు మోయగల కరెంటు ఐదో వంతు తగ్గిపోతుంది. కూలర్లు, ఫ్రిజ్‌లు రాత్రీ పగలూ తిరిగేది సరిగ్గా అప్పుడే. అడవి అంచున లైను చివరి ఊళ్లలో వోల్టేజి పడిపోయి మోటర్లు ఎక్కువ కరెంటు లాగేదీ అప్పుడే. సగం రాగి ఉన్న వైరు జనవరిలో నెట్టుకొస్తుంది. మేలో మెత్తబడి, ప్లగ్గు దగ్గర నల్లబడి వాసనేస్తుంది.

తర్వాత నీళ్లు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. బూర్గంపాడు వైపు, దుమ్ముగూడెం వైపు, ఆంధ్రప్రదేశ్‌కు పోయిన విలీన మండలాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద తీశాక స్తంభాలను, ట్రాన్స్‌ఫార్మర్లను విద్యుత్ పంపిణీ సంస్థ చూసుకుంటుంది. మీటరు దాటిన తర్వాతిది ఇంటివాళ్ల పని. ఇంటివాళ్లు చేయగలిగేది ఎండబెట్టడమే. కానీ పోగుల వైరు కోసిన కొస దగ్గర నీటిని పీల్చుకుంటుంది, పోగుల మధ్య సందుల్లోంచి తొడుగు లోపలికి ఎగబాకుతుంది. పైన పొడిగా కనిపించే వైరు లోపల ఒండ్రుతో తడిగా ఉంటుంది. నెలల తర్వాత ఆ రాగి పచ్చబడి, నల్లబడి పెళుసుగా మారుతుంది. కంటికి ఆనదు. తొడుగు నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెడితే అర నిమిషంలో తెలిసిపోతుంది. మెగ్గర్ ఉన్న మనిషి ఆ మండలాల్లో ఎంతమందికి అందుబాటులో ఉన్నాడన్నదే చిక్కు.

ఎర్త్ సంగతి అన్నింటికన్నా ఘోరం. ఫ్యాక్టరీలో 10 ఆంపియర్లు పంపి, 0.2 ఓమ్ లెక్క చూసి, ఇంత మర్యాదగా తెచ్చిన ఎర్త్ తీగ ప్లగ్గులోని లావు పిన్ను దాకా వస్తుంది. అది దూరే సాకెట్ బెజ్జం వెనక చాలా ఇళ్లలో ఏమీ ఉండదు. గుంత తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు దింపి ఎర్తింగు చేసిన ఇల్లు గూడేల్లో అరుదు. కొన్నిచోట్ల లావు పిన్నును విరగ్గొడతారు. మరికొన్నిచోట్ల ప్లగ్గే ఉండదు, తీగ కొసలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు. అప్పుడు లోపల ఫేజు తాకిన ఇస్త్రీ పెట్టె ఒళ్లంతా 230 వోల్టులతో కాచుక్కూర్చుంటుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి నుంచి రెండు వేల ఓమ్‌లు అనుకుంటే, పారేది 115 నుంచి 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ కోత, పాలిష్ షెడ్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ నీళ్లు ప్రమాదవశాత్తూ రావు, పనిలో భాగంగానే పారుతుంటాయి. బ్లేడు చల్లబడాలి, దుమ్ము లేవకూడదు. చేత్తో పట్టుకునే పాలిష్ మిషన్ల పొడుగాటి వైర్లు ఆ బూడిద రంగు బురదలో పడి ఉంటాయి. రాతి ముక్కల అంచులు కత్తుల్లాంటివి. వైరు రోజూ ఈడ్చబడుతుంది, దాని మీదుగా ట్రాలీ పోతుంది, తెగిన చోట టేపు పడుతుంది. ఎండ వేడికి టేపు జిగురు కారిపోయాక ఆ జాయింటు విప్పారుతుంది. ఏ ప్రమాణంలోనూ పదివేల సార్లు రాతి అంచు మీద ఈడ్చే పరీక్ష ఉండదు, ఉండాలని అడగడమూ సబబు కాదు. ఇలాంటి చోటికి అడగాల్సింది వేరే రకం వైరు, వేరే వోల్టేజి, వేరే తనిఖీ.

ఆ వేరే రకం ఏమిటో చూడాలంటే గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న కొత్తగూడెం బొగ్గు బావుల్లోకి దిగితే సరిపోతుంది.

సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం తిరుగుతూ పనిచేస్తుంది. కాబట్టి దానికి కరెంటు కూడా వెంట ఈడ్చుకుపోయే వైరు గుండానే రావాలి. దాన్ని ట్రెయిలింగ్ కేబుల్ అంటారు. వస్తువు స్వభావం చూస్తే అది మిక్సీ వైరుకు పెద్దన్నే: మెత్తటి పోగుల రాగి, పైన తొడుగు, ఒక కొస యంత్రానికి, రెండో కొస స్విచ్చు పెట్టెకు. తేడా అంతా దాన్ని చూసే తీరులో ఉంది.

మొదట కట్టుబడి. ఇక్కడి తొడుగు పీవీసీ కాదు, దెబ్బకు ఓర్చే రబ్బరు జాతి. లోపల ప్రతి ఫేజు తీగ చుట్టూ ఎర్త్‌కు కలిపిన లోహపు అల్లిక ఉంటుంది. రాయి పడి గుచ్చుకుందనుకోండి, మేకు లాంటిది ఫేజును చేరేలోపు ఆ అల్లికను తాకక తప్పదు. రెండూ కలిసిన క్షణంలో సరఫరా ఆగిపోతుంది. మనిషి చెయ్యి తగిలేదాకా వేచి ఉండదు. దీనికి తోడు పైలట్ అనే సన్నని తీగ ఒకటి. అది యంత్రం దాకా పోయి ఎర్త్ గుండా తిరిగొస్తుంది. ఆ చుట్టు పూర్తయితేనే గేట్ ఎండ్ బాక్స్ అనే ఆ పెట్టెలో స్విచ్చు పడుతుంది. ఎర్త్ తెగితే చుట్టు తెగుతుంది, యంత్రానికి కరెంటే ఎక్కదు. మన ఇళ్లలో ఎర్త్ తెగితే ఏమవుతుంది? ఏమీ అవదు, వస్తువు హాయిగా తిరుగుతుంటుంది. అందుకే ఎవరికీ తెలియదు. గనిలో ఎర్త్ తెగడం వెంటనే తెలిసే లోపంగా మార్చారు. ఈ ఒక్క ఆలోచన విలువ మిగతా పరీక్షలన్నింటి కన్నా ఎక్కువని నా అభిప్రాయం.

ఎర్త్ లోపం వచ్చినా పారే కరెంటును భూగర్భ బొగ్గు గనుల్లో 750 మిల్లీ ఆంపియర్లకు మించనీయకుండా కట్టడి చేస్తారు. చేత్తో పట్టుకుని పనిచేసే పరికరాలకు 125 వోల్టులే హద్దు. ఇక తనిఖీ. 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచే గని లోపలి ఫ్లెక్సిబుల్ కేబుల్‌ను అధీకృత వ్యక్తి షిఫ్టుకు కనీసం ఒకసారి చూడాలని ఉంది. పాడైతే అప్పటికప్పుడు మార్చాలి. టేపు చుట్టి నడిపించే మాటే లేదు, పైకి తెచ్చి వల్కనైజ్ చేయాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్లీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు గనులకు ప్రత్యేక అధ్యాయాన్ని కొనసాగించాయి. ఇవి జరుగుతున్నాయా లేదా చూడటానికి ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఉంది.

ఇంత శ్రద్ధ కార్మికుడి మీద ప్రేమతో పుట్టిందని అనుకోవడం అమాయకత్వం. బావిలో మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరితే ఒక్క రవ్వ చాలు, వైరుతో పాటు గని కూడా పోతుంది. ప్రమాదం యజమాని ఆస్తినీ మింగుతుంది కాబట్టి నియమం వచ్చింది. సంఘాల పోరాటమూ, వరసగా జరిగిన ప్రమాదాల అనుభవమూ దాన్ని గట్టిపరిచాయి. ఇంట్లో వైరు చంపేది ఒక్కరినే, అదీ నిశ్శబ్దంగా. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2021లో దేశంలో కరెంటు షాక్‌తో పోయినవాళ్లు 12 వేలకు పైగా. ఆ పద్దు ఒకటే. అడవి అంచున పందుల కోసం పొలం చుట్టూ పరిచిన కరెంటు తీగ తగిలి పోయినవాళ్లూ, బట్టలారేసే జీఐ వైరుకు సర్వీసు వైరు తగిలి పోయినవాళ్లూ, స్టార్టరు పెట్టె దగ్గర పోయిన రైతూ, కూలరు ముట్టుకుని పోయిన పిల్లా అందులోనే కలిసిపోతారు. లోపం ఏ వైరుదో, ఏ ప్లగ్గుదో విడదీసి రాయనంతకాలం తయారీదారుకు తిరుగు సమాచారం చేరదు, ప్రమాణం మారదు.

బయటి దేశాలు ఈ ఖాళీని ఎలా పూడ్చాయో క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో 1989 నాటి పని స్థలాల విద్యుత్ నిబంధనల నీడలో, ఆఫీసుల్లో, బడుల్లో కదిలించే ప్రతి విద్యుత్ వస్తువునూ కొంతకాలానికోసారి పరీక్షించి స్టిక్కరు అంటించే అలవాటు స్థిరపడింది. 1994లో ఇంటి వస్తువులు ప్లగ్గు బిగించే అమ్మాలని నిబంధన పెట్టారు. అంతదాకా కొన్నవాళ్లే బిగించుకునేవారు. నిర్మాణ స్థలాల్లో పసుపు రంగు ట్రాన్స్‌ఫార్మర్లతో 110 వోల్టులకు దించి వాడతారు, ఎర్త్‌తో పోలిస్తే అది 55 వోల్టులే. గ్రానైట్ షెడ్లకు సరిగ్గా సరిపడే మందు ఇదే. ఆస్ట్రేలియాలో నిర్మాణ స్థలాల వైర్లకు మూడు నెలలకో రంగు చీటీ కడతారు. దూరం నుంచి రంగు చూసి పాతదో కొత్తదో చెప్పేయవచ్చు, చదువుతో పని లేదు.

ఇక్కడ ఏం చేయాలన్న దానిపై ఇంజినీర్లు రెండు జట్లు. ఒక జట్టు వైరు పరీక్షల గొడవ వదిలేసి మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమంటుంది. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోలకపోతే అది కన్నుమూసి తెరిచేలోపు సరఫరా ఆపేస్తుంది. ఇంటికి ఎర్త్ లేకపోయినా, మనిషి గుండా కారే కరెంటును చూసి పడిపోతుంది. ఎర్తింగు లేని గూడెం ఇళ్లకు ఇంతకన్నా చవకైన రక్షణ లేదు, నిజమే. కానీ సగం రాగి వైరు వేడెక్కి పూరి కప్పుకు నిప్పంటిస్తే అది చూస్తూ ఊరుకుంటుంది. ఫేజు నుంచి న్యూట్రల్‌కే పోయే కరెంటులో దానికి తేడా కనిపించదు. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపేవాళ్లూ తక్కువేం కాదు. నిజానికి అది పడిపోతోందంటే ఇంట్లో ఏదో వైరు కారుతోందని అర్థం. దాన్ని వెతికే మనిషి లేడు.

రెండో జట్టు క్రమం తప్పని పరీక్షలంటుంది. వీళ్లలోనూ ఒక వాదం నడుస్తుంటుంది: హైపాట్ మళ్లీ మళ్లీ చేస్తే తొడుగే నలిగిపోతుందని. అందుకే రెండోసారి చేయాల్సి వస్తే 80 శాతం వోల్టేజితో చేసే ఆనవాయితీ ఉంది. వాడుతున్న వైరుకు హైపాట్ అక్కర్లేదు. కంటితో చూడటం, ఎర్త్ కొనసాగింపు చూడటం, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక మెగాఓమ్ దాటుతుందా చూడటం, ఈ మూడూ చాలు. బ్రిటన్ అనుభవంలోనూ ఎక్కువ లోపాలు మొదటి దాంట్లోనే, అంటే కళ్లతోనే దొరుకుతాయి.

నా మటుకు నాకు రెండు జట్లూ ఒక ప్రశ్న దాటేస్తున్నాయి: చేసేది ఎవరు? గనిలో అధీకృత వ్యక్తి అని ఒక మనిషిని రాసిపెట్టారు, అందుకే పని జరుగుతోంది. గ్రానైట్ షెడ్డులో అలాంటి మనిషిని పెట్టించడం కష్టం కాదు. అది కార్ఖానా, యజమాని ఉన్నాడు, ఎక్కువమంది పనిచేసే చోట కార్మిక భద్రతా చట్టం కూడా ఉంది. కావలసింది రోజూ పొద్దున ఐదు నిమిషాలు, ఒక నోటు పుస్తకం. ఇళ్ల విషయంలో ఏజెన్సీకి ఒక అవకాశం ఉంది, మైదానానికి లేనిది: వారపు సంత. వారానికోసారి గూడేలన్నీ ఒకచోటికి వస్తాయి. ఐటీఐ కుర్రవాళ్లు ఇద్దరు, ఒక మెగ్గర్, ఒక బల్ల ఉంటే ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు, హీటర్లు అక్కడే చూసి పంపవచ్చు. భద్రాచలం ఐటీడీఏ చేసే ఖర్చుల్లో ఇది లెక్కకు రాని మొత్తం. ప్లగ్గు అచ్చుపోసిన ఐఎస్ఐ వైర్లను గిరిజన సహకార సంస్థ డిపోల్లో ఉప్పు, సబ్బుల పక్కన అమ్మకానికి పెట్టొచ్చు. మీటరు లెక్కన వైరు కొని బిగించుకునే అవసరమే సగానికి తగ్గుతుంది.

రంగుల గొడవ కూడా ఎవరో ఒకరు సర్దిచెప్పాలి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్‌లకు ఇంటి గోడల్లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. వస్తువుతో వచ్చే వైరులో గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు చారలు.  తెలియక చారల తీగను ఫేజుకు కలిపితే ఇస్త్రీ పెట్టె ఒళ్లే ఫేజు అవుతుంది.

ఇదంతా పాత వైర్ల సంగతి. కొత్తవి అడవి అంచుకు వచ్చేస్తున్నాయి. అటవీ హక్కుల పట్టా భూములకు సోలార్ పంపులు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించింది. 12,600 కోట్ల రూపాయల అంచనా, లక్ష్యం 6 లక్షల ఎకరాలు. పోడు భూములు ఎక్కువున్న భద్రాద్రి జిల్లాకు ఇందులో వాటా తక్కువగా ఉండే అవకాశం లేదు. ప్యానెళ్ల నుంచి పంపు దాకా పోయేది డీసీ కరెంటు. మన ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను దాటుతుంది కాబట్టి రవ్వ పుట్టినా ఆరే వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు, వదులు జాయింటులో రాజుకున్న మంట కాలుతూనే ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపే స్విచ్చు కూడా లేదు. ఈ వైర్లకు ఐఎస్ 17293 అనే వేరే ప్రమాణం ఉంది: ఎండకు తొడుగు పెళుసెక్కకూడదు, 1,500 వోల్టుల డీసీకి తట్టుకోవాలి. ఎలుకలు, ఉడతలు కొరికే సంగతి, కొరికిన చోటును మామూలు పీవీసీ వైరుతో అతికే సంగతి ప్రమాణం చూసుకోదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ పొలాల గట్టు పక్కనే మోకాలెత్తు ఎండుటాకులు ఉంటాయి.

కేంద్ర ప్రభుత్వ కుసుమ్ పథకం కింద బిగించే సోలార్ పంపులకు ఐదేళ్ల నిర్వహణ సరఫరాదారు బాధ్యత. ఇక్కడి పంపులకూ అదే షరతు పెట్టి, ఏటా వానలకు ముందు ఒకసారి వైరు మెగ్గర్ రీడింగు తీసి రైతు దగ్గరుండే కార్డులో రాయాలని చేరిస్తే, ఇళ్లలోని వైర్లకు ఇన్నాళ్లూ లేని పుస్తకం కనీసం ఈ వైర్లకైనా ఉంటుంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు షరతుల్లో ఒక వాక్యం చాలు, అదీ పంపులు బిగించక ముందే.